గుటక

నాన్నకి పక్షవాతం వచ్చిన ఉదయం ఆయన నోట్లో మొదట నీళ్లు పోసింది నేనే.

కార్తీక సోమవారం. చిలకలగూడలో మా ఇంట్లో అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చేసరికి నాన్న మంచం మీద ఎడమ పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. మూతి వంకర పోయింది. మాట ముద్ద ముద్దగా వస్తోంది. షుగర్ పడిపోయిందేమో అనుకుని గబగబా గ్లూకోజు నీళ్లు కలిపి, తల ఎత్తి పట్టుకుని తాగించాను. సగం చెంప మీదుగా కారిపోయాయి. రెండో గుక్కకే పొలమారింది. కార్తీకానికని మా ఇంటికొచ్చి ఉన్న మేనత్త ఆయన మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నార్రా నిన్ను" అంది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్న మాటో. నాన్న మాత్రం దగ్గుతూనే ఉన్నారు.

ఆ తర్వాత దాదాపు మూడు నెలలు మా ఇంట్లో అందరం ఆ దగ్గు కోసమే చెవులు అప్పగించి బతికాం.

108 తొందరగానే వచ్చింది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాం, దాని పేరు రాయను. స్కాన్ తీశారు, మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. నాన్నని మేం చివరిసారి బాగా ఉండగా చూసింది ముందు రోజు రాత్రి పదింటికి. గడియారం అక్కడి నుంచే లెక్కపెడతారట. సమయం దాటిపోయింది, ఇవ్వలేదు. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా ఆ సాయంత్రం మీద. వార్డులో ఒకాయన వచ్చి, "పేషెంట్ తాలూకా ఎవరండీ? పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా, పాలు పట్టండి" అన్నాడు. పట్టాం. మర్నాడు పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు, మధ్యాహ్నం చారన్నం. ప్రతి రెండు మూడు చెంచాలకీ పొలమారేది. వీపు నిమిరేవాళ్లం, కాసేపు ఆగేవాళ్లం, మళ్లీ పెట్టేవాళ్లం. ఈయన అసలు మింగగలరా అని ఆ రెండు రోజుల్లో ఒక్కరూ చూడలేదు. చూడాలని మాకూ తెలియదు. మూడో రాత్రి 102 జ్వరం, ఆయాసం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా కనిపించింది. న్యుమోనియా అన్నారు. మేం ప్రేమగా పెట్టిన పాలూ చారూ కడుపులోకి పోవాల్సిన దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఆ మాట డాక్టర్ నోట విన్నప్పుడు నా చేతిలో చెంచా ఇంకా ఉంది.

అదే రాత్రి వేరే ఆసుపత్రికి మార్చాం.

అక్కడ డ్యూటీలో ఉన్న సిస్టర్ ది నల్గొండ దగ్గర ఊరు. పాతికేళ్లు కూడా ఉంటాయో లేదో. ఫైలు తెరవకముందే ఆమె అడిగిన మొదటి మాట: "అక్కా, నోట్ల ఏమన్న పోసిన్రా? పొలమారిందా?" మూడు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. ఎవరైనా అడిగితే బాగుండునని నాకే తెలియకుండా ఎదురుచూస్తున్నానేమో, ఏడుపు ఆగలేదు.

ఆక్సిజన్, యాంటీబయోటిక్, రక్త పరీక్షలు అన్నీ అయ్యాక, తెల్లవారుజామున నాన్న కాస్త తెలివిగా ఉన్నప్పుడు ఆమె ఆ పరీక్ష చేసింది. పెద్ద యంత్రం ఏమీ లేదు. ఒక స్టీలు చెంచా, ఒక గ్లాసులో నీళ్లు. ముందు మంచం తల వైపు ఎత్తి నాన్నని నిటారుగా కూర్చోబెట్టింది. పేరు చెప్పమంది, దగ్గమంది, నాలుక బయట పెట్టమంది, టార్చి వేసి నోరంతా చూసింది. ఎడమ బుగ్గలో నిన్నటి మెతుకులు రెండు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని గాజుగుడ్డతో తీసేసింది. తర్వాత ఒక చెంచా నీళ్లు నాలుక మీద పోసి, తన రెండు వేళ్లు గొంతు ముడి మీద ఆనించింది. గుటక వేసినప్పుడు ఆ ముడి పైకి లేచి కిందికి దిగాలి. నాన్నది లేవడానికే రెండు మూడు క్షణాలు పట్టింది. "ఇప్పుడు ఆ... అను పెదనాయనా" అంది. నాన్న "ఆ" అన్నారు. గొంతు హుక్కాలో నీళ్లలాగా గుడగుడలాడింది.

"గంతే అక్కా. నీళ్లు గొంతుల్నే నిలవడ్డయి" అని చెంచా పక్కన పెట్టేసింది. రెండో చెంచా ఇవ్వలేదు. అప్పుడు నాన్నకి దగ్గు రాలేదు. అదే నాకు అర్థం కాలేదు. దగ్గు రాలేదంటే మంచిదే కదా? కాదట. పక్షవాతంలో కొందరికి గొంతులో స్పర్శ కూడా పోతుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగుతున్నా దగ్గే రాదు. అందుకే చప్పుడు వినాలి, గొంతు మారిందేమో చూడాలి.

మంచం తల దగ్గర ఒక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "నోట్లో ఏమీ వేయకండి, నీళ్లు కూడా వద్దు" అని తెలుగులో రాసి ప్లాస్టర్ వేసి అంటించింది. ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబు వేశారు.

ఆ ఉదయం రౌండ్స్ కి వచ్చిన న్యూరాలజీ డాక్టర్ గారిని తమ్ముడు ఒక మాట అడిగాడు. ఈ చెంచా పరీక్ష అంత ముఖ్యమైతే అందరికీ ఎందుకు చేయరు అని. ఆయన విసుక్కోలేదు. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక అధ్యయనం గురించి చెప్పి, చదువుకోమన్నారు. ఆ రాత్రి వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్ లో చదివాను. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 19 స్ట్రోక్ యూనిట్లు, అంటే పక్షవాతం రోగుల వార్డులు, తీసుకున్నారు. నడిపించింది శాండీ మిడిల్టన్ అనే నర్సింగ్ ప్రొఫెసర్. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కొన్ని యూనిట్లలో నర్సులకి మూడంటే మూడు పనులు గట్టిగా నేర్పారు: మొదటి 72 గంటలు జ్వరం చూసి వెంటనే తగ్గించడం, షుగర్ చూసి అదుపులో పెట్టడం, నోట్లో ఏదైనా వేయకముందే మింగడం పరీక్షించడం. మిగతా యూనిట్లకి అప్పటి మార్గదర్శకాల కాపీ మాత్రం ఇచ్చారు. 90 రోజుల తర్వాత చూస్తే, కాపీ మాత్రమే అందిన చోట నూటికి 58 మంది చనిపోయారు లేదా ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నారు. మూడు పనులూ నేర్పిన చోట ఆ లెక్క 42. సుమారు నాలుగేళ్ల తర్వాత మళ్లీ లెక్క చూస్తే, నేర్పిన యూనిట్లలో చేరినవాళ్లలో మరణాలు అప్పటికీ తక్కువే.

కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. థర్మామీటరు, గ్లూకోమీటరు, చెంచా. మార్గదర్శకాలు రెండు వైపులా ఉన్నాయి, ఒక వైపు వాటిని పనిలోకి దింపే మనుషులున్నారు, అంతే తేడా. నాన్నకి మొదటి రెండు రోజుల్లో జ్వరం చూశారు, షుగర్ చూశారు. మూడోది చూడలేదు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మొదట్లో మింగడం కష్టమవుతుందట. మరి ఆ మూడోది ఎలా వదిలేస్తారు? ఆ కోపం ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా నాకు లేదు.

ఆ ఆసుపత్రిలో మూడో రోజు మేనత్త సికింద్రాబాద్ గణేశ్ గుడి నుంచి తీర్థం తెచ్చింది. చిన్న ప్లాస్టిక్ సీసాలో, తులసి దళం వేసి. "రెండు చుక్కలేనే, నాలుక మీద" అంటుంది. సిస్టర్ వద్దంటుంది. అత్త ముఖం చిన్నబోయింది. తన తమ్ముడి కోసం పొద్దున్నే తలస్నానం చేసి, ఉపవాసంతో, బస్సెక్కి వెళ్లి తెచ్చిన తీర్థం అది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, గాజుగుడ్డ ముక్కని అందులో ముంచి, నీళ్లు కారకుండా గట్టిగా పిండి అత్త చేతికే ఇచ్చింది. "పెదాలకి అద్దమ్మా. దేవుడు అంతే చాలంటడు." అత్త నాన్న పెదాల మీద మెల్లగా అద్ది, తన కొంగుతో తుడిచింది. మా వాళ్లెవరూ మళ్లీ దొంగచాటుగా ఏదీ తాగించే ప్రయత్నం చేయలేదు. అట్టముక్క ఒక్కటే ఉంటే మా అత్త ఆగేది కాదు, నాకు బాగా తెలుసు.

నోటితో తినకపోతే నోరు కడగక్కర్లేదు అనుకున్నాం. అదీ తప్పే. లాలాజలం కూడా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, దాంతోపాటు నోట్లోని క్రిములూ దిగుతాయి. జపాన్ లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు చూశారు. సిబ్బంది శ్రద్ధగా పళ్లు తోమించిన వృద్ధుల్లో న్యుమోనియా 11 శాతం మందికి, అలా తోమించని వాళ్లలో 19 శాతం మందికి వచ్చింది. ఈ సంగతి నాకు, మాటనీ మింగడాన్నీ సరిచేసే స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది. అప్పటి నుంచి రోజుకి మూడుసార్లు మెత్తటి బేబీ బ్రష్షుతో నాన్న పళ్లు, నాలుక, అంగిలి శుభ్రం చేయడం నా పని. ఆయన మొదట్లో సిగ్గుపడి కళ్లు మూసుకునేవారు. నలభై ఏళ్లు ఆర్టీసీలో డిపో నడిపిన మనిషి.

మా చిన్నాన్న ఇంకో ప్రశ్న తెచ్చాడు. మళ్లీ న్యుమోనియా రాకుండా ముందుజాగ్రత్తగా యాంటీబయోటిక్ పొడిగించవచ్చు కదా అని. నాకూ సబబే అనిపించింది. డాక్టర్ గారు కాదన్నారు. వచ్చిన న్యుమోనియాకి కోర్సు పూర్తి చేస్తాం, రాని దానికి ఇవ్వం అన్నారు. బ్రిటన్ లో 48 యూనిట్లలో, మింగలేని 1,224 మంది మీద సరిగ్గా ఇదే పరీక్షించారట. ముందుగా వారం రోజులు యాంటీబయోటిక్ ఇచ్చినా న్యుమోనియాలు తగ్గలేదు. 2015లో తేలింది. మంచిదని తోచిన పనిని కూడా పరీక్షించి, పనికిరాదని తేలితే ఆపేయడం, ఇది నాకు కొత్తగా అనిపించింది. మన దగ్గర మందు రాయని డాక్టర్ మీద నమ్మకం కుదరదు. నాకు మాత్రం ఆ రోజు ఆయన మీద నమ్మకం కుదిరింది.

ఎనిమిదో రోజుకి ట్యూబు గురించి పెద్ద చర్చ. ముక్కు ట్యూబు నాన్నకి చిరాకు, రాత్రి రెండుసార్లు లాగేసుకున్నారు. పొట్టకి చిన్న రంధ్రం చేసి నేరుగా ట్యూబు పెట్టే పద్ధతి ఉందని పక్క మంచం వాళ్లు చెప్పారు. అడిగితే, ఇప్పుడే వద్దు, రెండు మూడు వారాలు ముక్కు ట్యూబుతోనే చూద్దాం అన్నారు. దీనికీ ఒక అధ్యయనం ఉంది, దాని పేరే ఫుడ్, 2005లో వచ్చింది. 321 మందిలో కొందరికి ముక్కులోంచి, కొందరికి పొట్టలోకి తొలి వారాల్లోనే ట్యూబు వేసి చూస్తే, పొట్టలోకి వేసినవాళ్ల ఫలితాలే అధ్వానంగా ఉన్నాయి. సరే అన్నాం. నాన్న కుడి చేతికి మెత్తటి గ్లౌజు తొడిగి, రాత్రిళ్లు వంతులవారీగా చెయ్యి పట్టుకుని కూర్చున్నాం.

పన్నెండో రోజు డిశ్చార్జి. కాగితం మీద ఇంగ్లీషులో ఒక్క వరుస: రెండు గంటలకోసారి 200 మి.లీ. ఆర్‌టీ ఫీడ్, అంటే రైల్స్ ట్యూబులో పోసే ఆహారం. ఆ వరుసతోనే ఇంటికి పంపేసి ఉంటే ఏమై ఉండేదో. ముందు రోజు సిస్టర్ నా చేత మూడుసార్లు చేయించింది. తను చెప్పడం కాదు, నా చేత చెప్పించింది. "ఇప్పుడు నేను మీ నాన్న బిడ్డను, నువ్వు సిస్టర్. నాకు చెప్పు" అంది. ట్యూబు మీద గీత ముక్కు దగ్గరే ఉందో లేదో చూడాలి. పడుకోబెట్టి పోయకూడదు. సిరంజి ఎత్తి పట్టుకుంటే దానంతట అదే దిగాలి, నెట్టకూడదు. పోశాక అరగంట కూర్చోబెట్టాలి. చివర్లో మంచినీళ్లతో ట్యూబు కడగాలి. అరగంట సంగతి మొదటిసారి మర్చిపోయాను. "మళ్ల చెప్పు అక్కా" అంది. రెండోసారి ట్యూబు కడగడం మర్చిపోయాను. మూడోసారికి వచ్చింది. అర్థమైందా అని అడిగి ఉంటే మొదటిసారే తలూపేసేదాన్ని.

ఇంటి దగ్గర నాలుగో వారం నుంచి స్పీచ్ థెరపిస్ట్ సలహాతో నోటి ద్వారా కొంచెం కొంచెం మొదలుపెట్టాం. ఇక్కడ నేను నేర్చుకున్న విద్య ఒకటి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన వంటింటి విషయం. మింగడం కష్టమైనవాళ్లకి పలచటివే ప్రమాదం. నీళ్లు, టీ, మజ్జిగ, చారు గొంతులోకి జారిపోయే వేగానికి గుటక అందుకోలేదు. కాస్త చిక్కగా ఉంటే నెమ్మదిగా దిగుతాయి. ఎంత చిక్కగా? "కొంచెం చిక్కగా" అంటే అమ్మకి ఒక లెక్క, అత్తకి ఒక లెక్క, నాకు ఒక లెక్క. దీనికి ప్రపంచమంతా వాడే కొలత ఒకటుంది, 0 నుంచి 7 దాకా మెట్లు. కొలిచేది మామూలు 10 మి.లీ. సిరంజితో. వెనక పిస్టన్ తీసేసి, కింద మూతిని వేలితో మూసి, 10 గీత దాకా రాగిజావ పోయాలి. వేలు తీసి సరిగ్గా పది సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూసేయాలి. లోపల 4 నుంచి 8 మి.లీ. మిగిలితే అది రెండో మెట్టు. నాన్నకి రాసింది అదే. 4 కన్నా తక్కువ మిగిలితే పలచన, ఇవ్వకూడదు. సిరంజీలన్నీ ఒక్కలా ఉండవు, 0 నుంచి 10 దాకా గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి అని థెరపిస్ట్ చెబితే, మెడికల్ షాపులో స్కేలు పెట్టి కొలిచి కొన్నాను. షాపతను వింతగా చూశాడు, పర్లేదు.

అమ్మ రెండు రోజుల్లో నాకన్నా బాగా పట్టేసింది. పొయ్యి పక్కన సిరంజి, గోడ గడియారం సెకన్ల ముల్లు. రాగిజావ చల్లారితే చిక్కబడుతుందని, కాబట్టి తాగే వేడి దగ్గరే కొలవాలని కనిపెట్టింది ఆవిడే. చారన్నం ఎందుకు అంత ప్రమాదమో కూడా అప్పుడే తెలిసింది. మెతుకు వేరు, చారు వేరు; నోట్లో మెతుకు నములుతుండగానే చారు ముందు జారిపోతుంది. మన దగ్గర జబ్బు మనిషికి మొదట పెట్టేది అదే. దాని బదులు పప్పన్నం మిక్సీలో మెత్తగా పట్టి, చెంచా వంచితే ఒకే ముద్దగా జారి పడేలా చేశాం. కుడి బుగ్గ వైపు అర చెంచా, గడ్డం ఛాతీ వైపు వంచి గుటక, "ఆ" అనిపించి గొంతు విని, అప్పుడు ఇంకో అర చెంచా. ఒక చిన్న కటోరీ అన్నానికి నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ టీవీ ఆపేసేవాళ్లం, ఎవరూ నాన్నతో మాట్లాడకూడదు.

ఇంత చేశాం కాబట్టి, ఇంట్లోవాళ్లకి నేర్పితే చాలు అని రాయాలనిపిస్తుంది. కానీ అది నిజం కాదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాతం రోగులతో జరిగిన అటెండ్ అనే పెద్ద అధ్యయనం 2017లో వచ్చింది. సగం మంది కుటుంబాలకి వ్యాయామాలూ రోజువారీ పనులూ చేయించడం నేర్పి ఇంటికి పంపారు, మిగతా సగానికి మామూలు వైద్యమే. ఆరు నెలలకి రెండు వైపులా ఒకటే లెక్క, నూటికి 47 మంది చనిపోయారు లేదా ఇతరుల మీద ఆధారపడ్డారు. మొదటిసారి చదివినప్పుడు మనసు చివుక్కుమంది. రోజుకి నాలుగు గంటలు నిద్రపోయిన నా మూడు నెలలకి విలువ లేదని చెప్పినట్టు అనిపించింది. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే, అందులో నాకు కావాల్సిన మాటే ఉంది. కూతుర్లకీ కోడళ్లకీ నేర్పేసి థెరపిస్టుల పని కూడా ఇంట్లో అయిపోతుందిలే అనుకుంటే కుదరదు. మా థెరపిస్ట్ వారానికోసారి వచ్చి గొంతు మీద వేళ్లు పెట్టి చూడకపోతే, ఎప్పుడు మెట్టు మార్చాలో నాకేం తెలుస్తుంది? రెండుసార్లు నేను తొందరపడ్డాను. రెండుసార్లూ ఆమె ఆపింది.

అయిదో వారం ట్యూబు తీసేశారు. పదకొండో వారానికి పలచటి నీళ్లు, మొదట చెంచాతో, తర్వాత గ్లాసుతో. ఎడమ చెయ్యి ఇంకా పూర్తిగా రాలేదు, దానికి ఫిజియోథెరపీ వేరే నడుస్తోంది.

మొన్న రాత్రి పదకొండింటికి మేనత్త ఫోన్ చేసింది. వారాసిగూడలో వాళ్ల కింది వాటాలో పెద్దాయనకి మూతి వంకర పోయిందట, అంబులెన్స్ కి ఫోన్ చేశారట. నేను ఏదో చెప్పబోతుంటే ఆవిడ నా మాట వినడం లేదు, అవతల ఎవరినో గట్టిగా అరుస్తోంది: "ఆ గ్లాసు కింద పెట్టమ్మా ముందు! నీళ్లు పోయకు! ఆసుపత్రిలో సిస్టర్ చెంచాతో చూసేదాకా ఏమీ పోయకు!"